ఏ549 కణాల్లో ఫాస్ఫో-స్టాట్1 ఒకసారి వస్తోంది, మరోసారి రావట్లేదు (బీఎస్సీ ఆఖరి ఏడు ప్రాజెక్టు)

ప్రాజెక్టు_తిప్పలు:

అందరికీ నమస్కారం. ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకు (ఏ549) ఇంటర్‌ఫెరాన్ గామా (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్) ఇస్తే పీడీ-ఎల్1 (కణం పైన ఉండి రోగనిరోధక కణాలను ఆపే ప్రొటీన్) పెరుగుతుంది కదా, అది జాక్-స్టాట్ దారిలోనే (జాక్ ఎంజైమ్‌లు స్టాట్1కు ఫాస్ఫేట్ తగిలించి, అంటే ఫాస్ఫో-స్టాట్1గా మార్చి, సంకేతం పంపే దారి) జరుగుతోందని, జాక్‌లను అడ్డుకునే రుక్సోలిటినిబ్ మందుతో ఆపి చూపించడం ప్రాజెక్టు. చేస్తున్న పద్ధతి ఇది.

ఏ549 కణాలు, సిక్స్ వెల్ ప్లేట్, వెల్‌కు 3 లక్షలు. మర్నాడు రుక్సోలిటినిబ్ 1 మైక్రోమోలార్, గంట తర్వాత ఇంటర్‌ఫెరాన్ గామా మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు. 30 నిమిషాలకు ఒక సెట్, 24 గంటలకు ఒక సెట్. ట్రిప్సిన్‌తో లేపి, పీబీఎస్ (ఉప్పు బఫర్)తో రెండుసార్లు కడిగి, పెల్లెట్ మైనస్ 20లో పెట్టి, మర్నాడు రీపా బఫర్‌లో ప్రొటియేజ్ ఇన్హిబిటర్ బిళ్ల వేసి లైసిస్ (కణాలను పగలగొట్టడం). తర్వాత వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ మీదకు ఎక్కించి, యాంటీబాడీతో చూసే పద్ధతి): లేన్‌కు 25 మైక్రోగ్రాములు, 10 శాతం జెల్, పీవీడీఎఫ్ మెంబ్రేన్, 5 శాతం పాలపొడితో బ్లాకింగ్, యాంటీబాడీ కూడా పాలలోనే. ఫాస్ఫో-స్టాట్1 చూశాక స్ట్రిప్ చేసి (ఆ యాంటీబాడీని కడిగేసి) అదే మెంబ్రేన్ మీద టోటల్ స్టాట్1.

సమస్యలు:
1. 30 నిమిషాల దగ్గర ఫాస్ఫో-స్టాట్1 బ్యాండ్ ఒక బ్లాట్‌లో బాగుంటోంది, ఇంకోదాంట్లో అసలు ఉండట్లేదు.
2. 24 గంటల ఇంటర్‌ఫెరాన్ లేన్లలో టోటల్ స్టాట్1 బాగా ఎక్కువ. జీఏపీడీహెచ్ (లోడింగ్ సరిచూసుకోవడానికి పెట్టే ప్రొటీన్) మాత్రం సమానం. లోడింగ్ తేడా అనుకోవాలా?
3. పీడీ-ఎల్1 33 కిలోడాల్టన్ల దగ్గర రావాలి, కానీ 50 చుట్టుపక్కల మసకగా వస్తోంది. తప్పు యాంటీబాడీయా?
4. ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో కొలిచే పద్ధతి) ఎఫ్‌ఐటీసీ (ఆకుపచ్చగా మెరిసే రంగు) యాంటీబాడీతో హిస్టోగ్రామ్ దాదాపు కదలట్లేదు.

ఏది ముందు సరిచేయాలో చెప్పగలరా?

---

బ్లాట్_బల్ల:

మొదటి ప్రశ్నకు జవాబు మీ పద్ధతిలోనే ఉంది. ట్రిప్సిన్ దగ్గర మొదలై పెల్లెట్ గడ్డకట్టేదాకా కణాలు బతికే ఉన్నాయి, వాటిలోని ఫాస్ఫటేజ్‌లు (ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్‌లు) పనిచేస్తూనే ఉన్నాయి. స్టాట్1 మీద మీరు చూస్తున్నది టైరోసిన్ 701 ఫాస్ఫేట్. దాన్ని తీసేసే టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లకు 37 డిగ్రీల్లో ట్రిప్సిన్, ఆపైన సెంట్రిఫ్యూజ్, రెండు కడుగుళ్లు అంటే చేతినిండా సమయం. చేయి చురుగ్గా ఆడిన రోజు కొంత మిగిలింది, నెమ్మదించిన రోజు పోయింది. అంతే తేడా. పైగా బఫర్‌లో ప్రొటియేజ్ ఇన్హిబిటర్ తప్ప ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్ లేదు.

ఫాస్ఫో ప్రొటీన్ చూడాలంటే కణాలను లేపకూడదు. ప్లేట్‌ను నేరుగా ఐస్ మీదకు తెచ్చి, మీడియం లాగేసి, ఐస్‌లో ఉంచిన పీబీఎస్‌తో ఒక్కసారి గబగబా కడిగి, ప్లేట్ వంచి చివరి చుక్క కూడా లాగేసి, వెల్‌కు 100 మైక్రోలీటర్ల చల్లని లైసిస్ బఫర్ పోసి స్క్రేపర్‌తో గీకండి. ఆ మిగిలిన చుక్క చిన్నదేం కాదు. సిక్స్ వెల్‌లో సరిగా లాగకపోతే 50 మైక్రోలీటర్ల దాకా ఉండిపోయి లైసేట్ పలచబడుతుంది. ట్యూబుల్లోకి తీసి ఐస్ మీద 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలిపి, 4 డిగ్రీల్లో 14,000 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పండి. పైద్రవం ప్రొటీన్ కొలతకు. రీపాలో ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉంది కాబట్టి బ్రాడ్‌ఫర్డ్ వద్దు, బీసీఏ వాడండి. కొలత అయ్యాక సాంపుల్ బఫర్ కలిపి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు మరిగించి అప్పుడు మైనస్ 20లో పెట్టండి. నిల్వ చేయాల్సింది పెల్లెట్‌ను కాదు, మరిగించిన సాంపుల్‌ను.

రీపా: ట్రిస్ 50 మిల్లీమోలార్ పీహెచ్ 7.4, ఉప్పు 150 మిల్లీమోలార్, ఎన్‌పీ-40 1 శాతం, సోడియం డీఆక్సీకోలేట్ 0.5 శాతం, ఎస్‌డీఎస్ 0.1 శాతం. వాడే రోజున కలపాల్సినవి: సోడియం ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్, సోడియం ఫ్లోరైడ్ 10 మిల్లీమోలార్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్, పీఎంఎస్‌ఎఫ్ 1 మిల్లీమోలార్. వీటిలో టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను ఆపేది వనడేట్. ఫ్లోరైడ్, గ్లిసరోఫాస్ఫేట్ పనిచేసేది సెరీన్, థ్రియోనిన్ వైపు. ఫ్లోరైడ్ ఒక్కటి వేసి ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్ వేశాం అనుకుంటే స్టాట్1కి ఒరిగేది లేదు.

వనడేట్‌ను పొడి కలిపి వాడేస్తే సగం పనే చేస్తుంది, అణువులు గుత్తులుగా ఉంటాయి గనుక. 200 మిల్లీమోలార్ ద్రావణం చేసి, పీహెచ్ 10కి తెస్తే పసుపు రంగు వస్తుంది. రంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, పీహెచ్ మళ్లీ 10కి తెచ్చి, ఇంకోసారి మరిగించాలి. పీహెచ్ 10 దగ్గర రంగు లేకుండా నిలబడితే సిద్ధమైనట్టు. చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో పెట్టండి. ఈడీటీఏ వనడేట్‌ను పట్టేసుకుంటుంది, డీటీటీ దాన్ని పాడుచేస్తుంది. కాబట్టి ప్రొటియేజ్ బిళ్ల ఈడీటీఏ లేని రకం తీసుకోండి, లైసిస్ బఫర్‌లో డీటీటీ వేయొద్దు. పీఎంఎస్‌ఎఫ్ ఐసోప్రొపనాల్‌లో కరిగించి, కణాల మీద పోసే ముందే బఫర్‌లో కలపండి. నీళ్లలో అది ఎక్కువసేపు నిలవదు.

టైమ్ కోర్స్ చేస్తే 0, 15, 30, 60, 120 నిమిషాలు తీసుకోండి. 120 వెల్‌కు ముందు ఇంటర్‌ఫెరాన్ వేసి, తర్వాత 60, 30, 15 అలా వెనక్కి రండి. అన్నీ ఒకేసారి ఐస్ మీదకు వస్తాయి. లేదంటే ఒక వెల్ గీకుతుంటే పక్క వెల్ గది వేడికి వచ్చేస్తుంది.

బ్లాకింగ్ పాలు మానేసి 5 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరమ్ ఆల్బుమిన్)కి మారండి. పాలలో కేసిన్ ఉంది, అది ఫాస్ఫో ప్రొటీన్, యాంటీబాడీ దానికీ అంటుకోవచ్చు.

---

పిపెట్_పంతులు:

బ్లాట్_బల్ల గారు చెప్పిన లైసిస్ సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. పాల సంగతి మాత్రం కొంచెం సాగదీశారు. కేసిన్ గొడవ అసలు వచ్చేది ఏ ఫాస్ఫోటైరోసిన్‌నైనా పట్టే సాధారణ యాంటీబాడీలతో. టైరోసిన్ 701 చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాల వరుసను కూడా గుర్తించే యాంటీబాడీకి కేసిన్‌తో పెద్ద పని ఉండదు. బ్లాకింగ్ పాలలో, ప్రైమరీ (మొదట పెట్టే యాంటీబాడీ) బీఎస్‌ఏలో పెట్టమని చెప్పే డేటాషీట్లు బోలెడున్నాయి. ఈ అబ్బాయి మార్చాల్సింది ప్రైమరీ పెట్టే ద్రవాన్ని: 5 శాతం బీఎస్‌ఏ, టీబీఎస్‌లో 0.1 శాతం ట్వీన్, 1:1000, రాత్రంతా 4 డిగ్రీల్లో. ప్రైమరీని దాచి మళ్లీ వాడటానికి సోడియం అజైడ్ వేస్తే మెంబ్రేన్‌ను బాగా కడిగాకే సెకండరీ పెట్టండి. అజైడ్ సెకండరీకి తగిలించి ఉండే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ను చంపేస్తుంది.

బ్లాకింగ్ కంటే ముందు ఒక పని: ట్రాన్స్‌ఫర్ అవగానే పాన్సో (ప్రొటీన్లకు పట్టే రంగు) వేసి ఫోటో తీయండి. 91 కిలోడాల్టన్ల ప్రొటీన్ సగం జెల్‌లోనే ఉండిపోయిన బ్లాట్‌కు ఏ యాంటీబాడీ పెట్టినా దండగే. తడి ట్రాన్స్‌ఫర్, 100 వోల్టులు, 90 నిమిషాలు, ట్యాంక్‌లో ఐస్ ప్యాక్. పీవీడీఎఫ్‌ను ముందు మెథనాల్‌లో అర నిమిషం ముంచడం మరవద్దు.

ఇంటర్‌ఫెరాన్ ట్యూబ్ మీద ఏ జీవిదో చదవండి. ఎలుక ఇంటర్‌ఫెరాన్ గామా మనిషి కణాల మీద పనిచేయదు. చాలా ల్యాబుల్లో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పొడి ట్యూబ్‌ను తెరిచే ముందు ఒకసారి తిప్పాలి, పొడి మూతకు అంటుకుని ఉంటుంది. 0.1 శాతం బీఎస్‌ఏ ఉన్న ద్రవంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములుగా కరిగించి, చిన్న భాగాలు చేసి మైనస్ 80లో. దాని నుంచి 10 మైక్రోగ్రాముల మధ్య ద్రావణం చేసుకుంటే 2 మిల్లీలీటర్ల వెల్‌కు 2 మైక్రోలీటర్లు వేస్తే సరి. ఒకసారి కరిగిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు.

---

గ్లైకో_గోల:

2, 3 ప్రశ్నలకు: రెండూ తప్పులు కావు. మీ ప్రయోగం పనిచేస్తోందని చెబుతున్నాయి.

స్టాట్1 జన్యువు ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించే జన్యువుల్లో ఒకటి. స్టాట్1 తన పరిమాణాన్ని తానే పెంచుకుంటుంది. 30 నిమిషాల్లో కొత్త ప్రొటీన్ తయారయ్యే వ్యవధి లేదు కాబట్టి టోటల్ స్టాట్1 మారదు. 24 గంటలకు పెరిగి తీరాలి. రుక్సోలిటినిబ్ ఉన్న లేన్‌లో ఆ పెరుగుదల తగ్గితే మీకు అడగకుండానే ఇంకో రుజువు దొరికినట్టు. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఫాస్ఫోను టోటల్‌తో భాగించి గ్రాఫ్ గీయడం అలవాటు కదా, 24 గంటల దగ్గర ఆ పని చేస్తే హారం పెరిగిపోయి సిగ్నల్ పడిపోయినట్టు కనిపిస్తుంది. 30 నిమిషాల సెట్‌కు ఫాస్ఫో బై టోటల్ వేసుకోండి. 24 గంటల సెట్‌లో స్టాట్1ను, పీడీ-ఎల్1ను విడివిడిగా జీఏపీడీహెచ్‌తో లేదా మొత్తం ప్రొటీన్ రంగుతో పోల్చండి. రెండు సమయాలను ఒకే గ్రాఫ్‌లో కలపకండి.

స్టాట్1 రెండు బ్యాండ్లుగా వస్తే కంగారు పడొద్దు. ఆల్ఫా 91, బీటా 84 కిలోడాల్టన్లు. టైరోసిన్ 701 రెండింటిలోనూ ఉంటుంది.

పీడీ-ఎల్1 అమైనో ఆమ్లాలు 290. లెక్క కడితే 33 కిలోడాల్టన్లే వస్తుంది. కానీ దానికి నాలుగు చోట్ల ఎన్-గ్లైకోసైలేషన్ ఉంది: ఆస్పరజీన్ 35, 192, 200, 219. ఆ చక్కెర గొలుసులు అన్ని అణువులకూ ఒకే పొడవు ఉండవు, అందుకే 45 నుంచి 55 మధ్య మసకగా పరుచుకుంటుంది. పదునైన ఒంటి బ్యాండ్ 33 దగ్గర వచ్చి, ఇంటర్‌ఫెరాన్‌కు కదలకపోతే అప్పుడు అనుమానపడాలి.

వైవాలో అడుగుతారు కాబట్టి పీఎన్‌గేజ్-ఎఫ్ (ఆ చక్కెర గొలుసులను కత్తిరించే ఎంజైమ్) చూపించండి. 20 మైక్రోగ్రాముల లైసేట్‌ను ఎస్‌డీఎస్, డీటీటీ ఉన్న బఫర్‌లో 100 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి, చల్లార్చి, 1 శాతం ఎన్‌పీ-40 కలిపి, ఎంజైమ్ 1 మైక్రోలీటర్ వేసి 37 డిగ్రీల్లో గంట. ఎన్‌పీ-40 మరిచిపోతే ఎస్‌డీఎస్ ఎంజైమ్‌నే పాడుచేస్తుంది, బ్యాండ్ కదలదు, మీరు తప్పుడు తీర్మానానికి వస్తారు. పక్క లేన్‌లో ఎంజైమ్ లేని సాంపుల్‌ను అదే వేడి, అదే బఫర్‌తో పెట్టాలి. మసక బ్యాండ్ 33 దగ్గరకు దిగితే ఇక ప్రశ్న లేదు.

స్ట్రిప్పింగ్ గురించి ఎవరూ అనలేదు. ఫాస్ఫో, టోటల్ రెండు యాంటీబాడీలూ కుందేలువైతే, సరిగా పోని ఫాస్ఫో యాంటీబాడీయే టోటల్‌గా కనిపిస్తుంది. ఒకే సాంపుల్‌ను రెండు జెల్స్‌లో పక్కపక్కన నడపడం మేలు, లేదా టోటల్‌కు ఎలుక యాంటీబాడీ కొనండి. తప్పక స్ట్రిప్ చేయాల్సి వస్తే, టోటల్ పెట్టే ముందు సెకండరీ ఒక్కటే పెట్టి ఖాళీగా వస్తోందా చూడండి.

---

లేజర్_నీలం:

ఫ్లోకి వస్తే ముందు ఎఫ్‌ఐటీసీ వదిలేయండి. ఏ549 కణాలు ఆకుపచ్చ ఛానెల్‌లో తమంతట తామే బాగా మెరుస్తాయి. పీడీ-ఎల్1 వాటి మీద మామూలుగా తక్కువే, ఇంటర్‌ఫెరాన్ ఇచ్చాక పెరిగినా ఆ మెరుపు వెనక దాక్కుంటుంది. మీ మెషీన్‌లో ఎరుపు లేజర్ ఉంటే ఏపీసీ రంగు తీసుకోండి, లేకపోతే పీఈ రంగు. ఏపీసీతో అయితే చచ్చిన కణాలను గుర్తించడానికి ప్రొపిడియం అయోడైడ్ వాడుకోవచ్చు. పీఈతో మాత్రం అది కుదరదు, రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి.

ట్రిప్సిన్ కూడా ఇక్కడ అనుమానితుడే. కణం పైన ఉన్న ప్రొటీన్లను అది కొరుకుతుంది, ఎంతసేపు ఉంచితే అంత. కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌లో 2 నుంచి 5 మిల్లీమోలార్ ఈడీటీఏ పోసి 37 డిగ్రీల్లో 10 నుంచి 15 నిమిషాలు. ఏ549 గట్టిగా అతుక్కుంటాయి, ఓపిక పట్టండి. లేదా అక్యుటేజ్ (కణాలను మెత్తగా లేపే ఎంజైమ్). ముద్దలు కట్టిన కణాలను 40 మైక్రోమీటర్ల జల్లెడలో వడకట్టి, ఆపైన డబ్లెట్లను (జంటగా అతుక్కున్న కణాలను) గేటింగ్‌లో తీసేయండి.

2 లక్షల కణాలు, 2 శాతం సీరమ్ ఉన్న పీబీఎస్ 100 మైక్రోలీటర్లు, 4 డిగ్రీల్లో చీకట్లో 30 నిమిషాలు. యాంటీబాడీ ఎంత వేయాలో కంపెనీ చెప్పిన అంకె మొదలుపెట్టడానికే. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన కణాల మీద నాలుగైదు పలచన స్థాయిలు పెట్టి, పాజిటివ్-నెగెటివ్ మధ్య ఎడం ఎక్కడ ఎక్కువో అక్కడ ఆగండి. ఐసోటైప్ కంట్రోల్ (పీడీ-ఎల్1ను పట్టని, పోలికకు పెట్టే యాంటీబాడీ) అదే క్లాస్, అదే రంగు, అదే సాంద్రత ఉండాలి. అది ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన కణాలకు, ఇవ్వని కణాలకు రెండింటికీ పెట్టాలి. బతికిన ఒంటి కణాలు 10,000 చాలు.

ఇంకోటి. 'ఎన్ని శాతం పాజిటివ్' అని రాయకండి. ఇక్కడ కణాలు రెండు గుంపులుగా విడిపోవు, మొత్తం గుంపే కుడికి జరుగుతుంది. గేటు గీతను కొంచెం జరిపితే శాతం ఇష్టమొచ్చినట్టు మారుతుంది. మీడియన్ ఫ్లోరెసెన్స్‌ను ఐసోటైప్ మీడియన్‌తో భాగించి ఆ నిష్పత్తి ఇవ్వండి.

---

ప్రాజెక్టు_తిప్పలు:

చాలా థాంక్సండీ అందరికీ. ఇంకో మూడు అడుగుతాను. రుక్సోలిటినిబ్ 1 మిల్లీగ్రాము సీసా వచ్చింది, 10 మిల్లీమోలార్ స్టాక్‌కు ఎంత డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావకం) పోయాలి? అదే లైసేట్లలో ఫాస్ఫో-ఎర్క్ (పెరుగుదల సంకేతాలను మోసే ఇంకో ప్రొటీన్) కూడా చూడమని మా మేడమ్ అంటున్నారు, కలపొచ్చా? ఒకే ప్లేట్‌లో మూడేసి వెల్స్ పెట్టి ఎన్ (స్వతంత్ర ప్రయోగాల సంఖ్య) మూడు అని రాయొచ్చా?

---

పిపెట్_పంతులు:

సీసా మీద ఏ రూపమో చూసి పోయండి. ఉత్త రుక్సోలిటినిబ్ అణుభారం 306.4, అయితే 326 మైక్రోలీటర్లు. ఫాస్ఫేట్ లవణం 404.4, అయితే 247. రెండూ అమ్ముతారు. 10 నుంచి 1 మిల్లీమోలార్‌కు డీఎంఎస్‌ఓలోనే పలచన చేసి, మీడియంలో వెయ్యింట ఒక వంతు వేయండి. డీఎంఎస్‌ఓ 0.1 శాతం అవుతుంది. మందు లేని వెల్స్‌లోనూ అంతే డీఎంఎస్‌ఓ ఉండాలి. నాలుగు గుంపులు కావాలి: డీఎంఎస్‌ఓ ఒక్కటి, ఇంటర్‌ఫెరాన్, రుక్సోలిటినిబ్ ఒక్కటి, రెండూ కలిపి. మూడోది మానేస్తే మందు తానుగా పీడీ-ఎల్1ను తగ్గిస్తోందా అన్నదానికి జవాబు ఉండదు.

---

బ్లాట్_బల్ల:

ఎర్క్ సంగతి మేడమ్ గారితో ఒకసారి మాట్లాడండి. ఏ549లో, ఎర్క్‌ను పైనుంచి నడిపే కేరాస్ జన్యువులో, జీ12ఎస్ మార్పు ఉంది. పైనుంచి ఏ సంకేతం లేకపోయినా ఎర్క్ వైపు కొంత నడుస్తూనే ఉంటుంది. మీడియం మార్చడం, కొత్త సీరమ్ తగలడం లాంటివాటికి కూడా ఫాస్ఫో-ఎర్క్ నిమిషాల్లో ఎగిరిపడుతుంది. చూడాలంటే 0.5 శాతం సీరమ్‌లో రాత్రంతా ఉంచాలి, ఈజీఎఫ్ (పెరుగుదల సంకేతం) 10 నిమిషాలు ఇచ్చిన పాజిటివ్ కంట్రోల్, మెక్ (ఎర్క్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) ఇన్హిబిటర్‌తో నెగెటివ్ కంట్రోల్ పెట్టాలి. అది వేరే ప్రాజెక్టే. ఆ శ్రమ ఐఆర్ఎఫ్1 మీద పెట్టండి. ఫాస్ఫో-స్టాట్1కీ పీడీ-ఎల్1కీ మధ్యలో ఉన్న మెట్టు అదే. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన 2 నుంచి 4 గంటల మధ్య బ్యాండ్ బాగా వస్తుంది. 30 నిమిషాలకు ఫాస్ఫో-స్టాట్1, 4 గంటలకు ఐఆర్ఎఫ్1, 24 గంటలకు పీడీ-ఎల్1, మూడూ రుక్సోలిటినిబ్‌కు తగ్గితే గొలుసు మొత్తం చూపించినట్టు. డిగ్రీ స్థాయికి ఇది బలమైన పని.

వైవాలో 'దీనివల్ల ఏం తేలింది' అంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 2016లో పీడీ-1ను (పీడీ-ఎల్1 వెళ్లి అతుక్కునే గ్రాహకాన్ని) అడ్డుకునే చికిత్సకు మొదట లొంగి తర్వాత తిరగబెట్టిన మెలనోమా గడ్డలను పరిశీలిస్తే, ఇద్దరు రోగుల్లో జాక్1 లేదా జాక్2 పనిచేయకుండా చేసే మార్పులు దొరికాయి. మీరు మందుతో ఆపుతున్న దారినే ఆ గడ్డలు మ్యుటేషన్‌తో తెంచుకున్నాయి.

---

గ్లైకో_గోల:

ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ అంటే ఎన్ ఒకటి. వేరు వేరు రోజుల్లో, వేరు వేరు పాసేజ్ (కణాలను కొత్త ప్లేట్‌కు మార్చిన విడత) కణాలతో, కొత్తగా పలచన చేసిన ఇంటర్‌ఫెరాన్‌తో మూడుసార్లు చేస్తే ఎన్ మూడు. ప్రతిసారీ నాలుగు గుంపులూ ఒకే జెల్ మీద ఉండాలి, వేరే జెల్స్ మధ్య బ్యాండ్లను పోల్చకూడదు.

కంట్రోల్‌ను ప్రతిసారీ 1 చేసి టీ-టెస్ట్ వేస్తే కంట్రోల్‌లో హెచ్చుతగ్గులే లేనట్టు అవుతుంది, ఆ పరీక్షకు అర్థం లేదు. ఇంటర్‌ఫెరాన్ గుంపును, ఇంటర్‌ఫెరాన్ ప్లస్ రుక్సోలిటినిబ్ గుంపును లాగ్ విలువల్లో జతలుగా పోల్చండి. గ్రాఫ్‌లో కడ్డీతో ఆపకుండా మూడు చుక్కలూ చూపించి, ఒకే రోజు చుక్కలను గీతతో కలపండి.

బ్యాండ్లు కొలిచే ముందు ఒక సాంపుల్‌ను 5, 10, 20, 40 మైక్రోగ్రాములు లోడ్ చేసి సిగ్నల్ కూడా రెట్టింపవుతోందా చూడండి. జీఏపీడీహెచ్ 25 మైక్రోగ్రాముల దగ్గర తరచూ నిండిపోతుంది. మీరు 'సమానం' అంటున్నది అందువల్ల కూడా కావచ్చు.

మొదటి పాసేజ్ మొదలుపెట్టే ముందు మైకోప్లాస్మా (పెంచే కణాలకు సోకే బ్యాక్టీరియా) పీసీఆర్ చేయించండి. కణాలు పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్నవైతే మరీ ముఖ్యం. పుణె ఎన్‌సీసీఎస్ కణాల నిధి నుంచి తెచ్చినవైతే వచ్చిన వెంటనే నాలుగైదు వయల్స్ గడ్డకట్టించి పెట్టుకుని, మూడు రిపీట్లూ దగ్గరి పాసేజ్‌లలోనే ముగించండి.